శాలువా సరే... పుస్తకం మాటేమిటి?

సాయంత్రం ఆరు దాటాక చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీద కాసేపు నిలబడితే జనం చేతుల్లో రెండు రకాల సంచులు కనిపిస్తాయి. ఒకటి బట్టల దుకాణం వాళ్లిచ్చిన రంగురంగుల సంచి. రెండోది త్యాగరాయ గానసభలో పుస్తకావిష్కరణకు వెళ్లొచ్చినవాళ్ల చేతిలోని పల్చటి కాగితపు పొట్లం. మొదటి రకం వందల్లో ఉంటే రెండోది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కోసారి మాత్రం రెండూ ఒకే చేతిలో ఉంటాయి. అలాంటి చేతులు చాలావరకు ఆడవాళ్లవే!

రచయితను బట్టల దుకాణానికి పిలిచి, నాలుగు పేజీలు చదివించి, ఆ వంకన రెండు గంటలు అమ్మకాలు సాగించడం అమెరికా, ఇంగ్లండుల్లోని చిన్న పట్టణాల్లో మామూలే. వచ్చినవాళ్లకు టీ, బిస్కెట్లు ఇస్తారు. ఆ రోజు అమ్మకాల్లో కొంత ఊళ్లోని గ్రంథాలయానికో బడికో ఇచ్చే దుకాణాలూ ఉన్నాయి. అటు రచయితకు కొత్త పాఠకులు, ఇటు దుకాణానికి కొత్త బేరం. హైదరాబాద్‌లోనూ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు బొటిక్‌లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ముషీరాబాద్ చుట్టుపక్కల పేటల్లో మాత్రం అలాంటి ఏర్పాటు ఎవరూ ప్రత్యేకంగా చేయనక్కర్లేకపోయింది. ఎందుకంటే ఇక్కడ సభకూ చీరల దుకాణానికీ మధ్య దూరం పది నిమిషాల నడకే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర బయల్దేరి చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా హిమాయత్‌నగర్ చేరేలోపు సినిమాహాళ్లు, గుడి, గ్రంథాలయం, సభామందిరం, మిఠాయి దుకాణాలు, చీరల కొట్లు అన్నీ తగులుతాయి.

ఇన్నేళ్లుగా ఇంత దగ్గర్లో ఉన్నా పుస్తకానికీ బట్టకూ ఒకటే దిగులు. రెంటినీ మెచ్చుకునేవాళ్లు బోలెడుమంది. కొనేవాళ్లే తక్కువ!

సభ ఎలా సాగుతుందంటే...

చిక్కడపల్లి వివేక్‌నగర్‌లోని త్యాగరాయ గానసభ పేరు చెబితే ఆటోవాళ్లు చిరునామా అడగరు. పేరు సంగీతానిదే అయినా ఇక్కడ పాట, నాటకం, హరికథ, కూచిపూడి, పుస్తకావిష్కరణ, సన్మానం... అన్నీ జరుగుతాయి. పెద్ద మందిరం కాక చిన్న సభలకు కళా సుబ్బారావు కళావేదిక లాంటివీ ఉన్నాయి. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతికి సర్కారు హోదా ఉండొచ్చుగానీ, కొత్త రచయితకు, పదవీ విరమణ చేసి కవిత్వం మొదలుపెట్టిన ఉద్యోగికి, కుటుంబ సభ్యుల ఖర్చుతో తొలి కథల సంపుటి వేసుకున్న గృహిణికి అందుబాటులో కనిపించేది గానసభే.

సభ తీరు తెలుగు పాఠకులకు కొట్టిన పిండి. ఆహ్వానపత్రంలో సాయంత్రం 6 గంటలని ఉంటుంది. ఆరున్నరకు మైకు సరిచేస్తారు. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన. ఆపైన అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. వేదిక మీద కుర్చీలు సరిపోక కింది నుంచి రెండు పైకి మోసిన సందర్భాలూ ఉంటాయి. రంగుకాగితం విప్పి పుస్తకాలు పైకెత్తి పట్టుకుంటారు. కెమెరాలు మెరుస్తాయి. పుస్తకం గురించి మాట్లాడే సమీక్షకుడి వంతు వచ్చేసరికి టైమైపోయిందంటూ చీటీ అందుతుంది. ఆఖరున రచయితకు శాలువా, పూలదండ, జ్ఞాపిక.

ఇక ద్వారం దగ్గర ఓ చిన్న బల్ల. దాని మీద పుస్తకాల దొంతర. 'సభా సందర్భంగా తగ్గింపు ధరకు' అని చేత్తో రాసిన అట్టముక్క. బల్ల వెనక రచయిత బావమరిదో కూతురో కూర్చుంటారు. సభకు వచ్చినవాళ్లలో చాలామంది ఆ బల్ల పక్కనుంచే వెళ్తారు. కొందరు ఆగుతారు. పుస్తకం తిరగేసి, అట్ట బాగుందని చెప్పి, 'మాకో కాపీ పంపించండి సార్' అంటారు. పంపించడమంటే ఉచితంగా అనే అర్థం!

ఒకప్పుడు తెలుగు పుస్తకం వేస్తే వెయ్యి ప్రతులు వేయడం ఆనవాయితీ. ఇప్పుడు అయిదొందలకు, మూడొందలకు దిగినవాళ్లున్నారు. అడిగినన్నే అచ్చువేసే డిజిటల్ పద్ధతి వచ్చాక వందతో సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకాల్లో అమ్ముడైనవాటికంటే పంచిపెట్టినవే ఎక్కువని చెప్పే రచయితలు ఎందరో. శాలువాకు మాత్రం ఏ సభలోనూ లోటు రాదు.

నూరేళ్ల కిందట...

ఈ సభలను తేలిగ్గా తీసిపారేయడానికి మాత్రం వీల్లేదు. సభలో నిలబడి తెలుగులో మాట్లాడగలగడం ఈ నగరంలో ఒకప్పుడు అంత సులభం కాదు మరి.

1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కార మహాసభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సజావుగా సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మొదలుపెట్టేసరికి సభలో గోల, ఎగతాళి. అవమానంతో బయటికొచ్చిన తెలుగువాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు లాంటివాళ్లు అందులో ముందు నిలిచారు.

ఆ సంఘం చేసిన పనుల్లో ఒకటి ఊరూరా గ్రంథాలయాలు, పఠనమందిరాలు పెట్టించడం. ఇంకొకటి చిన్నచిన్న పుస్తకాలు అచ్చువేసి పంచడం. వాటిలో వెట్టిచాకిరి గురించి ఒకటుంది. చేతివృత్తులవాళ్ల మీద పడే మొహతర్ఫా అనే పన్ను గురించి ఇంకొకటుంది. మగ్గం నేసేవాడి కష్టం కోసం పుస్తకం అచ్చయిన రోజులవి. పుస్తకం, బట్ట అప్పుడే చుట్టరికం కలుపుకున్నాయన్నమాట!

అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుల చొరవతో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసింది. చిక్కడపల్లికి ఎంతో దూరం లేని సుల్తాన్‌బజార్‌లో అది ఇప్పటికీ ఉంది. ఉర్దూ మాధ్యమమే రాజ్యమేలుతున్న కాలంలో, 1928లో, ఆడపిల్లలు తెలుగులో చదువుకునేందుకు మాడపాటి నారాయణగూడలో బడి పెట్టారు. ఆయనే 1951లో హైదరాబాద్ మేయరయ్యారు. 1934లో సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి, ఇక్కడ తెలుగు కవులే లేరన్న మాటకు జవాబిచ్చారు.

ఈ సంగతులు తెలిసినవారికి గానసభలోని సాదాసీదా పుస్తకావిష్కరణ కూడా వేరేగా కనిపిస్తుంది. ఆత్మీయ అతిథి గంటసేపు మాట్లాడి విసిగించవచ్చుగాక... ఆ గంటసేపూ తెలుగులో మాట్లాడే హక్కు ఎవరో తెచ్చిపెట్టిందే.

యద్దనపూడి చీరలు

ఇంతకీ తెలుగు పుస్తకాన్ని డబ్బిచ్చి చదివించుకున్నది ఎవరు? అరవై, డెబ్బై దశకాల్లో వారపత్రికల సీరియళ్లను, నవలలను నిలబెట్టింది ఆడవాళ్లే. వంటిల్లు సర్దుకుని మధ్యాహ్నం రెండు గంటలవేళ నవల పట్టిన చేతులవి. పేటపేటకీ ఉన్న అద్దె పుస్తకాల కొట్లు వాళ్ల వల్లే నడిచాయి. రోజుకింతని కట్టి తెచ్చుకున్న నవల తిరిగి వెళ్లేలోపు ఇరుగుపొరుగున నాలుగిళ్లు చుట్టేది.

యద్దనపూడి సులోచనారాణి నవలల్లో నాయిక కట్టిన చీర రంగు కూడా కథలో భాగమే. 'సెక్రటరీ' చదివినవాళ్లలో జయంతిని మరిచిపోయినవాళ్లు ఉండరు. ఆమె నాయికల్లా ముస్తాబు కావాలని ఆ రోజుల్లో ఎందరు పెళ్లీడు అమ్మాయిలు అమ్మ చెంగు పట్టుకుని చీరల కొట్టుకు నడిచారో! 2018లో సులోచనారాణి కన్నుమూసినప్పుడు ఆమె గురించి చెప్పుకొన్నవాళ్లలో చాలామంది నవల పేరుతోపాటు చీరల మాటా గుర్తుచేసుకున్నారంటే ఆశ్చర్యం లేదు. నవలను, చీరను కలపాలని ఎవరూ బొటిక్ పెట్టి ప్రయత్నించలేదు. పాఠకురాలే ఆ పని చేసేసింది.

అలాంటి పాఠకురాలు సాయంత్రం ఆరింటి సభకు ఎందుకు రాదు? కారణం వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సరిగ్గా ఆ వేళకే పిల్లలు ట్యూషన్ నుంచి వస్తారు. పొయ్యి మీద కుక్కర్ పెట్టాలి. రాత్రి తొమ్మిదింటిదాకా సాగే సభలో కూర్చుంటే ఇంట్లో పని ఎవరు చేస్తారు? అందుకే సభలో ముందు వరసల నిండా పదవీ విరమణ చేసిన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, సాటి రచయితలే కనిపిస్తారు. బట్టల దుకాణంలో పుస్తకం చదవడమనే పద్ధతిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. అది ఉదయం పదకొండింటికో మధ్యాహ్నం మూడింటికో జరుగుతుంది. వెళ్లడానికి కారణం చెప్పనక్కర్లేదు. 'జాకెట్టు ముక్క తెచ్చుకోవాలి' అంటే చాలు!

అంచు చూసి... వెనక్కి తిప్పి

ఇక బట్ట సంగతి. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు సాగితే ధగధగలాడే అద్దాల షోరూంలు, పక్కనే చిన్న చీరల కొట్లు, మ్యాచింగ్ సెంటర్లు, ఫాల్ కుట్టే టైలర్లు వరసగా కనిపిస్తారు. పండగల ముందు ఫంక్షన్ హాళ్లకు 'ఎగ్జిబిషన్ కమ్ సేల్' బ్యానర్లు వేలాడతాయి. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ... తెలుగునేల మగ్గాలన్నీ ఒకేచోట కొలువుతీరినట్టుంటుంది. వాటి మధ్యలో అచ్చం అలాగే కనిపించే మిల్లు బట్ట కూడా ఉంటుంది. అదే చిక్కు.

'అక్కా, ఇది ప్యూర్ పోచంపల్లి' అని సేల్స్‌బాయ్ చెప్పగానే అలవాటున్నవాళ్లు చేసే మొదటి పని చీరను వెనక్కి తిప్పడం. పోచంపల్లి పనిలో నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీదికి ఎక్కిస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి ముందూ వెనకా డిజైను ఒకేలా కనిపిస్తుంది. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. పైన అచ్చువేసిన నకిలీకి వెనకవైపు వెలిసినట్టుంటుంది. బొమ్మ గీతలు కత్తితో కోసినంత నున్నగా ఉంటాయి. చేనేత బట్టకు రెండు అంచుల వెంట సన్నటి సూది రంధ్రాల వరస కూడా కనిపించవచ్చు. నేసేటప్పుడు బట్టను బిగించి పట్టే పుల్ల గుర్తులవి. 2006లో మొదలైన చేనేత గుర్తు చీటీ ఉందేమో చూసుకోవడం ఇంకో జాగ్రత్త. పోచంపల్లికి 2005లోనే భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఆ చీర వెనక ఎంత చాకిరీ ఉందో చింతకింది మల్లేశం కథ చెబుతుంది. దారాన్ని ఆసు పోయడానికి ఆయన తల్లి రోజుకు రెండు చీరల కోసం 18 వేలసార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక మల్లేశం ఏళ్ల తరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమా అయింది. ఒక కొడుకు తల్లి భుజం నొప్పి తగ్గించగలిగాడుగానీ, బట్ట కొనేవాళ్లను పుట్టించే యంత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

అంకెలు చూస్తే గుండె చివుక్కుమంటుంది. 2009-10 చేనేత గణనలో దేశంలో 43.31 లక్షలమంది నేత కార్మికులు, అనుబంధ పనివారు తేలారు. 2019-20 నాటికి వాళ్లు 35.22 లక్షలయ్యారు. పుస్తకం మీద జీఎస్టీ లేదుగానీ చేనేత చీర మీద 2017 నుంచి 5 శాతం పడుతోంది. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకోవడం 2015లో మొదలైంది. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజది. ఆ ఒక్కరోజు అందరూ చేనేత కట్టుకుని ఫొటోలు దిగుతారు. మర్నాటికి బీరువా మామూలే.

శాలువా ఎక్కడిది?

ఇప్పుడు మళ్లీ గానసభ వేదిక మీదికి వద్దాం. రచయిత భుజాల మీద కప్పిన ఆ శాలువా ఎక్కడిది? ఎక్కువసార్లు జరీ మెరుపులతో, చేత్తో పట్టుకుంటే గరగరలాడే మిల్లు బట్ట. చలికి కప్పుకోవడానికి పనికిరాదు. దుప్పటిగానూ పనికిరాదు. పేరున్న రచయిత ఇంట్లో ఇలాంటివి బీరువా నిండా ఉంటాయి. కొన్ని ఇంకో సభలో ఇంకొకరి భుజాలెక్కుతాయి. శాలువాల పునర్జన్మ గురించి సాహితీ మిత్రులు వేసుకునే జోకులకు లెక్కలేదు!

కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసింది. ఇప్పుడు ఆ జాబితాలో 11 రకాలున్నాయి. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీలతోపాటు శాలువాలకూ అందులో చోటుంది. చట్టం కాగితం మీద భద్రంగానే ఉంది. సభకు కావలసినవి కొనడానికి వెళ్లిన కార్యదర్శి మాత్రం దుకాణంలో 'వందలోపు ఏవైనా పది ఇవ్వండి' అంటాడు.

ఒక సభలో సగటున ఆరుగురికి శాలువాలు కప్పుతారనుకుందాం. ఆ ఆరింటి బదులు మగ్గం మీద నేసిన నూలు కండువాలో తువ్వాళ్లో కొంటే? నారాయణగూడ వైపే చేనేత సహకార సంఘాల సరుకు దొరుకుతుంది. ఇంకొంచెం ముందుకెళ్లి వేదిక మీది అతిథులకు పూలదండకయ్యే ఖర్చుతో రచయిత పుస్తకమే కొని చేతిలో పెడితే? ఒకే సాయంత్రం అటు నేతగాడికి, ఇటు రాతగాడికి నాలుగు రూపాయలు ముడతాయి. కొన్ని సంస్థలు 'బొకేలు వద్దు, పుస్తకాలు తెండి' అని ఆహ్వానంలోనే అచ్చువేస్తున్నాయి. మంచి మాటే. అది అందరి అలవాటూ కావాలి.

పుస్తకాన్నీ బట్టనూ కలిపి ఆలోచించినవాళ్లు ఈ నగరంలో లేకపోలేదు. మల్ఖా నూలు వస్త్రం వెనక ఉన్న ఉజ్రమ్మ, పాత్రికేయురాలు మీనా మేనన్‌తో కలిసి భారతదేశపు పత్తి ప్రయాణం గురించి 2017లో ఇంగ్లీషులో 'ఎ ఫ్రేయ్డ్ హిస్టరీ' అనే పుస్తకం తెచ్చారు. గుడ్డ అమ్మేవాళ్లే గుడ్డ చరిత్ర రాసిన సందర్భమది. అలాంటి పుస్తకంలోంచి నాలుగు పేజీలు చేనేత కొట్టులో, ఆ బట్టల మధ్యే కూర్చుని చదివితే వినేవాళ్లకు పడుగూ పేకా విడివిడిగా అర్థమవుతాయి.

అశోక్‌నగర్ పాఠకులు

చిక్కడపల్లిని ఆనుకునే అశోక్‌నగర్. ఇక్కడ పొద్దున్నే లేచి చూస్తే పుస్తకాలకు కరవొచ్చిందని ఎవరూ అనలేరు. సిటీ సెంట్రల్ లైబ్రరీ తలుపులు తెరవకముందే యువతీయువకులు సంచులతో బారులు తీరతారు. ఆవరణలో చెట్ల కింద, గోడల వెంట, మెట్ల మీద ఎక్కడ చూసినా చదువే. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, డీఎస్సీ... ఒక్కొక్కరిదీ ఒక్కో లక్ష్యం. సందుల్లో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ కొట్లు, ఇడ్లీ బండ్లు అన్నీ వాళ్ల మీదే నడుస్తాయి. 2023 ఎన్నికల వేళ రాహుల్‌గాంధీ కూడా వచ్చి ఈ అభ్యర్థులతో మాట్లాడి వెళ్లారు.

వీళ్లు చదివే పుస్తకాల్లో గోలకొండ కవుల సంచిక ఉంది. దానిలో ఎంతమంది కవులున్నారన్నది బిట్టు ప్రశ్న. 354 అని టకీమని చెబుతారు. ఆంధ్ర జనసంఘం ఏ సంవత్సరం? శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఎప్పుడు? అన్నీ కంఠతా వచ్చు. అయితే ఆ చరిత్రకు వారసులైన నేటి కవులు, కథకులు నడిచివెళ్లే దూరంలో సాయంత్రం మైకు ముందు నిలబడి ఉన్నారన్న సంగతి మాత్రం పట్టదు. తప్పు వాళ్లది కాదు. నెలకు ఇంటి నుంచి వచ్చే డబ్బు హాస్టల్‌కు, మెస్సుకు, టెస్ట్ సిరీస్‌కు సరిపోతే గొప్ప. కవితా సంపుటికి రెండొందలు పెట్టాలంటే చెయ్యి ఆగుతుంది. రెండు మూడేళ్లు ఇక్కడే గడిపి, ఉద్యోగం రాక ఊరికి తిరిగి వెళ్లలేక సతమతమయ్యే పిల్లలకు సభ అంటే పనిలేనివాళ్ల కాలక్షేపంలా కనిపిస్తుంది.

అయినా సభ నిర్వాహకులు వీళ్లను పిలవడం మరిచిపోయారన్నది కూడా నిజమే. ఆహ్వానపత్రాలు సాటి రచయితలకే వెళ్తాయి. లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తే పదిమందైనా రారా? ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబం రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతోంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటిది. అంటే ఈ పాఠకులకు కుర్చీ వేసిచ్చింది నగరవాసులే. వాళ్లకు ఓ రచయితను పరిచయం చేయడం పెద్ద పనేం కాదు.

ఈ పిల్లలే డిసెంబరు వచ్చేసరికి పుస్తక ప్రదర్శనకు మాత్రం వెళ్తారు. 1985లో మొదలైన హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఇందిరాపార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో జరగడం నగరానికి బాగా అలవాటైంది. 2024 డిసెంబరులో జరిగింది 37వది. అక్కడ కుటుంబాలు పిల్లలతో వస్తాయి, మిరపకాయ బజ్జీలు తింటాయి, పుస్తకాలు కొంటాయి. రచయిత ఎదురుపడితే సంతకం అడుగుతాయి. సభకు రానివాళ్లు సంతకు వస్తారన్నమాట! అమ్మకమంటే నామోషీ అనుకునే సాహిత్యలోకం గమనించాల్సిన సంగతి ఇదే. బజారులో పెడితే పుస్తకం చిన్నబోదు. జనం మధ్యకు వస్తుంది.

బాగ్‌లింగంపల్లిదో దారి

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు అటువైపు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య పేరిట ఏర్పడిన ఈ కేంద్రంలో దొడ్డి కొమురయ్య హాలు, షోయబ్ హాలు ఉన్నాయి. 1946లో కడవెండిలో నేలకొరిగిన రైతు బిడ్డ ఒకరు. 1948లో రాసినందుకు ప్రాణాలు పోగొట్టుకున్న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఇంకొకరు. ఆ పేర్ల కింద కూర్చుని పుస్తకం గురించి మాట్లాడుకోవడంలో ఓ బరువు ఉంటుంది. ఇక్కడి గ్రంథాలయంలో అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికల నిధి ఉంది. ఈ సభల్లో శాలువాల హడావుడి కాస్త తక్కువ, వాదోపవాదాలు కాస్త ఎక్కువ. పుస్తకం చదివి వచ్చి రచయితను నిలదీసేవాళ్లు ఇక్కడ కనిపిస్తారు. రచయితకు శాలువాకన్నా అదే పెద్ద సన్మానం.

చీరల కొట్టు ఆసామి ఎవరైనా ముందుకొచ్చి శనివారం ఉదయం పదకొండింటికి ఓ మూల పది కుర్చీలు వేస్తే చాలు. వేదిక వద్దు, మైకు వద్దు, ఆత్మీయ అతిథులు అసలే వద్దు. రచయిత్రి ఒక కథ చదువుతుంది. వినేవాళ్లు మధ్యలో అడ్డొచ్చి 'మా అత్తగారూ అచ్చం ఇంతేనండీ' అంటారు. కథకు అంతకంటే మంచి సమీక్ష ఉండదు. కొట్టువాడికి నాలుగు చీరలు అమ్ముడుపోతాయి. కథల పుస్తకం పది ప్రతులు వెళ్లినా రచయిత్రికి గానసభలో వెళ్లినన్నే వెళ్లినట్టు. నేతగాడిని కూడా పిలిచి, కొంగు మీద ఆ బొమ్మ ఎలా వచ్చిందో చెప్పమంటే వినేవాళ్లకు రెండు కథలు దక్కుతాయి.

వెళ్లాలనుకుంటే...

ఈ పేటలకు రావడం ఇప్పుడు సులువు. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ - ఎంజీబీఎస్ మెట్రో మొదలయ్యాక ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్ స్టేషన్లు వరసగా వచ్చాయి. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా నాయిని నర్సింహారెడ్డి పేరిట ఉక్కువంతెన తెరిచాక పైనుంచి వెళ్లేవాళ్లకు క్రాస్‌రోడ్స్ రద్దీ తప్పింది. అయితే వంతెన ఎక్కితే గానసభా కనిపించదు, లైబ్రరీ మెట్ల మీది కుర్రాళ్లూ కనిపించరు. కిందనే నడవాలి.

ఓ ఆదివారం మధ్యాహ్నం చిక్కడపల్లి స్టేషన్‌లో దిగండి. లైబ్రరీ ముందు నుంచి ఓసారి వెళ్లండి. నారాయణగూడ దాకా నడిచి నచ్చిన చీరను వెనక్కి తిప్పి చూడండి. ఆరింటికల్లా గానసభకు చేరుకోండి. ఆరున్నరకుగానీ మొదలవదు కాబట్టి మధ్యలో ఇరానీ చాయ్‌కి టైముంటుంది. ఎక్కువ సభలకు టికెట్టు ఉండదు, ఆహ్వానం అడిగేవాళ్లూ ఉండరు. వెనక వరసలో కూర్చుని మధ్యలో లేచి వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. ప్రవేశం ఉచితం. ద్వారం దగ్గర బల్ల మీదున్న పుస్తకానికి మాత్రం వెల ఉంది.